నా దుకాణం, నా నమ్మకం, గే కస్టమర్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీ రెండు రకాల వాళ్ల కోసం. ఒకరు హైదరాబాద్‌లో ఫంక్షన్ హాలో, బేకరీయో, ఫొటో స్టూడియోనో, లాడ్జో నడుపుతూ, దేవుడంటే నిజమైన భక్తి ఉండి, స్వలింగ జంట వచ్చి బుకింగ్ అడిగితే ఏం చెప్పాలో తేలక టెన్షన్ పడేవాళ్లు. ఇంకొకరు ఆ బుకింగ్ అడిగి "కుదరదండీ" అనిపించుకున్నవాళ్లు. మా నాన్నగారిది సికింద్రాబాద్‌లో ఫొటో స్టూడియో. పెళ్లిళ్ల సీజన్ చూస్తూ పెరిగాను కాబట్టి ఓనర్ల మాటను తేలిగ్గా తీసిపారెయ్యను. అయినా నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: అందరి కోసం షట్టర్ ఎత్తిన చోట మనిషిని చూసి వెనక్కి పంపడం తప్పు. ఏం రాయాలి, ఏ మాట చెప్పాలి అనే దగ్గర మాత్రం ఓనరు మాటకూ విలువ ఉండాలి.

ఇది అమెరికా గొడవ కదా, మనకెందుకు?

అమెరికాలో మొదలైన మాట నిజమే. కానీ స్వలింగ వివాహాల మీద మన సుప్రీంకోర్టు 2023లో ఇచ్చిన తీర్పు ఉంది చూశారా, సుప్రియో కేసు, దాంట్లో పిటిషన్ వేసిన సుప్రియో, అభయ్ హైదరాబాద్‌లో ఉండే జంటే. 2021 డిసెంబరులో మన ఊరి శివార్లలోనే బంధువులు, స్నేహితుల మధ్య వేడుక చేసుకున్నారు. ఆ వేడుకకూ ఎవరో చోటు ఇచ్చారు, ఎవరో వంట చేశారు, ఎవరో ఫొటోలు తీశారు. ఇక్కడ మొదటి ప్రైడ్ మార్చ్ 2013లోనే జరిగింది. అంటే ఇలాంటి కస్టమర్లు రేపెప్పుడో రారు, ఇప్పటికే వస్తున్నారు, చాలామంది సంగతి బయటికి చెప్పకుండా వస్తున్నారు.

పైగా మనవాళ్లు టెక్సాస్‌లో, న్యూజెర్సీలో మోటెళ్లు, రెస్టారెంట్లు నడుపుతున్నారు. వాళ్లు ఆ చట్టాల కింద బతకాల్సినవాళ్లే.

అమెరికా కేక్ కేసులో చివరికి ఎవరు గెలిచారు?

బేకరీ ఓనరే గెలిచాడు, కానీ అందరూ అనుకునే కారణంతో కాదు.

2012లో కొలరాడో రాష్ట్రంలోని లేక్‌వుడ్‌లో జాక్ ఫిలిప్స్ అనే బేకరీ ఓనరు దగ్గరికి ఇద్దరు మగవాళ్లు వచ్చి తమ పెళ్లి విందుకి కేక్ కావాలన్నారు. పుట్టినరోజు కేకులు, బిస్కెట్లు ఏవైనా అమ్ముతాను, స్వలింగ పెళ్లికి కేక్ మాత్రం నా క్రైస్తవ విశ్వాసం ఒప్పుకోదు అన్నాడాయన. కస్టమర్ లైంగికతను బట్టి సేవ నిరాకరించకూడదని కొలరాడోలో చట్టం ఉంది. రాష్ట్ర పౌరహక్కుల కమిషన్ ఆయనది తప్పంది. 2018 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు 7-2 తేడాతో ఆ కమిషన్ నిర్ణయాన్ని కొట్టేసింది. ఎందుకంటే విచారణలో ఒక కమిషనర్ ఆయన మత వాదనను బానిసత్వాన్నీ, యూదుల మారణహోమాన్నీ సమర్థించడానికి మతాన్ని వాడుకున్న వాళ్ల వాదనతో కలిపి మాట్లాడారు. తీర్పు చెప్పాల్సినవాళ్లు అవతలి మనిషి నమ్మకాన్ని ఈసడించకూడదు, అది తటస్థత కాదు అన్నారు జస్టిస్ ఆంథొనీ కెన్నెడీ. మత విశ్వాసం ఉంది కదా అని వ్యాపారులు అందరికీ వర్తించే చట్టాన్ని పక్కనపెట్టి గే వాళ్లకు సరుకులు, సేవలు నిరాకరించడం మామూలుగా కుదరదని కూడా అదే తీర్పులో రాశారు. అసలు ప్రశ్న తేల్చలేదు. పామూ చావలేదు, కర్రా విరగలేదు.

నాకు ఆ తీర్పులో బాగా నచ్చింది ఆ మొదటి ముక్కే. గే వాళ్ల పక్షాన మాట్లాడేవాళ్లం కూడా దాన్ని పట్టించుకోవాలి. ఎదుటివాడి భక్తిని వెక్కిరించి సాధించిన న్యాయం నిలబడదు.

మరి 2023 వెబ్‌సైట్ కేసు? ఇక ఎవరైనా ఎవరినైనా పంపించేయొచ్చని విన్నాను.

తప్పుగా విన్నారు. అదీ కొలరాడో కేసే. లోరీ స్మిత్ అనే వెబ్ డిజైనర్ పెళ్లి వెబ్‌సైట్లు చేసే పని మొదలుపెట్టాలనుకుని, స్వలింగ పెళ్లిళ్లకి చెయ్యమని రాష్ట్రం నన్ను బలవంతం చెయ్యకూడదని ముందుగానే కోర్టుకి వెళ్లారు. 2023 జూన్ 30న 6-3 తేడాతో ఆవిడ గెలిచారు. గెలిపించింది మతస్వేచ్ఛ కాదు, వాక్ స్వాతంత్ర్యం. ఆవిడ రాసే మాటలు, చేసే డిజైన్ ఆవిడ సొంత వ్యక్తీకరణ, నమ్మని మాటను ఎవరి చేతా ప్రభుత్వం చెప్పించకూడదు అని జస్టిస్ గోర్సచ్ రాశారు. గే కస్టమర్లకి వేరే రకం పనులు చేసి పెట్టడానికి ఆవిడకి అభ్యంతరం లేదని రెండు పక్షాలూ ముందే ఒప్పుకున్నాయి.

కాబట్టి కుర్చీలు అద్దెకిచ్చేవాడు, టెంట్ హౌస్ వాడు, టిఫిన్ సెంటర్ వాడు ఆ తీర్పు చూపించి తప్పించుకోలేడు. చిక్కంతా మధ్యలో ఉన్న పనులతోనే. ఫొటో తీయడం వ్యక్తీకరణేనా? న్యూ మెక్సికో రాష్ట్ర సుప్రీంకోర్టు 2013లో ఒక ఫొటోగ్రఫీ సంస్థకి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది, పెళ్లిళ్లకి ఫొటోలు తీసే సంస్థ స్వలింగ వేడుకకి తీయనంటే అది వివక్షే అని. 2023 తర్వాత అదే వాదన వస్తే ఫలితం వేరేలా ఉండే అవకాశం ఉంది. జస్టిస్ సోటోమయోర్ తన భిన్నాభిప్రాయంలో భయపడింది ఇదే, "నాది కళ" అనే తలుపు ఒకసారి తెరిస్తే ఎంతమంది దాంట్లోంచి దూరతారో అని. ఆవిడ భయం నాకు సబబుగానే కనిపిస్తుంది.

మతం పేరు చెప్పి కస్టమర్లని ఆపడం ఇదే మొదటిసారా?

కాదు. 1960లలో సౌత్ కరొలినాలో బార్బెక్యూ హోటళ్ల గొలుసు నడిపే ఒకాయన, నల్లవాళ్లని తెల్లవాళ్లతో కలిపి కూర్చోబెట్టడం దేవుడి ఆజ్ఞకి విరుద్ధమని కోర్టులో వాదించాడు. 1968లో అమెరికా సుప్రీంకోర్టు ఆ వాదనని పట్టించుకోదగ్గదే కాదని కొట్టిపారేసింది. ఆయన నమ్మకం అబద్ధమని అనలేదు, అది హోటల్ తలుపు మూయడానికి సరిపోదంది.

బ్రిటన్‌లో ఎలా ఉంది?

ఈ విషయంలో నాకు అందరికంటే స్పష్టంగా ఆలోచించినట్టు కనిపించేది బ్రిటన్ సుప్రీంకోర్టే. రెండు కేసులు పక్కపక్కన పెట్టి చూడండి.

మొదటిది 2013 నాటిది. కార్న్‌వాల్‌లో క్రైస్తవ దంపతులు తమ చిన్న హోటల్లో డబుల్ రూమ్ పెళ్లయిన స్త్రీపురుషులకే అని నియమం పెట్టుకున్నారు. చట్టబద్ధంగా సివిల్ పార్ట్‌నర్లయిన (అంటే పెళ్లి లాంటి చట్టపరమైన బంధంలో ఉన్న) ఇద్దరు మగవాళ్లని తిప్పి పంపారు. ఓడిపోయారు. రెండోది 2018 అక్టోబరు 10న వచ్చింది. బెల్‌ఫాస్ట్‌లో ఆషర్స్ అనే బేకరీకి ఒకాయన వెళ్లి, కేక్ మీద గే పెళ్లిళ్లకి మద్దతు ఇవ్వండి అన్న నినాదం రాయమన్నారు. వాళ్లు కుదరదన్నారు. జడ్జీలందరూ ఏకగ్రీవంగా బేకరీ వైపే నిలబడ్డారు. ఆ నినాదం గే కాని మనిషి వచ్చి రాయమన్నా వాళ్లు రాసేవాళ్లు కాదు, కాబట్టి వాళ్లు కాదన్నది మనిషిని కాదు, మాటని.

అదే సరైన గీత అని నేను నమ్ముతాను. హోటల్ రూమ్‌లో ఓనరు చెప్పే మాట ఏదీ లేదు, అక్కడ కాదన్నది మనిషినే.

డల్లాస్‌లో మా బావగారు మోటెల్ కొన్నారు. ఆయనకి ఏది వర్తిస్తుంది?

అమెరికా మొత్తానికి ఒకే చట్టం అనుకుంటే పొరపాటు. 1964 నాటి ఫెడరల్ పౌరహక్కుల చట్టం హోటళ్లు, రెస్టారెంట్లలో జాతి, రంగు, మతం, పుట్టిన దేశం ఆధారంగా వివక్షను నిషేధించింది, లైంగికత అందులో లేదు. 2020లో వచ్చిన బోస్టాక్ తీర్పు గే ఉద్యోగులకి రక్షణ ఇచ్చింది కానీ అది ఉద్యోగాల సంగతి, కస్టమర్ల సంగతి కాదు. కస్టమర్లకి రక్షణ రాష్ట్రాన్నీ, నగరాన్నీ బట్టి ఉంటుంది. న్యూజెర్సీ, కాలిఫోర్నియాలో రాష్ట్ర చట్టాలే ఉన్నాయి. టెక్సాస్‌లో రాష్ట్ర చట్టం లేదు, డల్లాస్ నగరానికి మాత్రం సొంత నిబంధన ఉంది. మీ బావగారు ఊరు దాటి ఎక్కడ కొన్నారో చూసుకుని అక్కడి లాయర్‌ని అడగమనండి.

సరే, మన దేశానికి వద్దాం. ఇక్కడ చట్టం ఏమంటోంది?

రాజ్యాంగంలో ఆర్టికల్ 15 రెండో క్లాజు చదవండి, స్కూల్లో చదివి మర్చిపోయి ఉంటారు. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు, వీటి కారణంగా ఏ పౌరుణ్నీ దుకాణాలు, హోటళ్లు, వినోద స్థలాల్లోకి రానివ్వకుండా ఆపకూడదు. మిగతా ప్రాథమిక హక్కుల్లో చాలావరకు ప్రభుత్వాన్ని కట్టడి చేసేవే, ఇది నేరుగా కొట్టు ఓనరునే కట్టడి చేస్తుంది. 1948లో రాజ్యాంగ సభలో దుకాణం అంటే ఏది అని అడిగినప్పుడు అంబేద్కర్ విశాలమైన అర్థమే చెప్పారు, షరతులకి ఒప్పుకుంటే సేవ అందించాల్సిన ఏ చోటైనా అని. 2011లో సుప్రీంకోర్టు ఆ అర్థాన్నే పట్టుకుంది.

ఆ జాబితాలో లైంగికత అని లేదు. కానీ స్వలింగ సంబంధాలని నేరంగా చూసిన సెక్షన్ 377 మీద 2018 సెప్టెంబరు 6న ఇచ్చిన నవ్‌తేజ్ జోహార్ తీర్పులో జస్టిస్ చంద్రచూడ్, మగవాడు ఇలాగే ఉండాలి, ఆడది ఇలాగే ఉండాలి అనే మూస ఆధారంగా చేసే వివక్ష కూడా లింగ వివక్షే అన్నారు. జస్టిస్ ఇందూ మల్హోత్రా కూడా లైంగికత ఆర్టికల్ 15లోని కారణాల లాంటిదే అన్నారు. ఈ రెండూ కలిపితే గే కస్టమర్‌ని వెళ్లగొట్టిన హైదరాబాద్ హోటల్ మీద బలమైన వాదనే తయారవుతుంది. అయితే ఆ వాదనని ఒక కొట్టు ఓనరు మీద పెట్టి సుప్రీంకోర్టు దాకా తేల్చుకున్న సందర్భం ఇంకా రాలేదు. ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలి, శిక్ష ఎంత, పరిహారం ఎంత అని చెప్పే మామూలు చట్టం లేదు. హక్కు ఉంది, దాన్ని అడిగే కౌంటర్ లేదు. నా కోపమంతా అక్కడే.

377 పోయింది కదా, ఇంకా ఏం కావాలి?

377 పోవడం అంటే మీరు నేరస్థులు కారు అని. మీకు రూమ్ ఇవ్వాలని కాదు.

నా మతస్వేచ్ఛ కూడా రాజ్యాంగంలో ఉంది కదా? ఆర్టికల్ 25?

ఉంది, అది చిన్న హక్కేమీ కాదు. కానీ ఆర్టికల్ 25 మొదలవడమే శాంతిభద్రతలు, నైతికత, ఆరోగ్యం, ఈ భాగంలోని మిగతా నిబంధనలకి లోబడి అని మొదలవుతుంది. ఆ మిగతా నిబంధనల్లో ఆర్టికల్ 15 కూడా ఉంది. రాజ్యాంగం రాసినవాళ్లు ఊరికే అలా పెట్టలేదు. గుళ్లోకి, బావి దగ్గరికి, హోటల్లోకి కొందరిని రానివ్వకపోవడాన్ని శాస్త్రం పేరుతోనే సమర్థించిన దేశం ఇది. మన తెలుగు ఊళ్లలో రెండు గ్లాసుల పద్ధతి ఎలా నడిచిందో పెద్దవాళ్లని అడగండి. హోటల్ వాడు దళితుడికి విడిగా గ్లాసు పెట్టి, అది ఆచారం అన్నాడు. 1955లో చట్టం తెచ్చి దాన్ని నేరం చేశారు, 1989లో ఇంకా గట్టి చట్టం తెచ్చారు.

కులవివక్ష, గే వాళ్ల మీద వివక్ష ఒకటే అని నేను అనడం లేదు. తరతరాల దోపిడీ, భూమి లేకపోవడం, చాకిరీ, ఆ చరిత్ర వేరు, దాన్ని అరువు తెచ్చుకుని చిన్నబుచ్చకూడదు. అయినా "నా ఆచారం ఒప్పుకోదు, కాబట్టి నా కొట్టు మెట్టు ఎక్కొద్దు" అనే వాక్యానికి ఈ దేశం ఒకసారి జవాబు చెప్పేసింది.

స్వలింగ జంట వేడుకకి హాల్ ఇస్తే నా మీద కేసు పడుతుందా?

పడదు. ఫంక్షన్ హాల్ వాళ్లలో చాలామంది నిజంగా భయపడేది దీనికే, దేవుడికి కాదు. 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు స్వలింగ పెళ్లికి చట్టపరమైన గుర్తింపు ఇవ్వలేమంది. గుర్తింపు లేకపోవడం వేరు, నిషేధం వేరు. ఇద్దరు పెద్దవాళ్లు కలిసి ఉండే హక్కుని ఆ తీర్పే ఒప్పుకుంది. దండలు మార్చుకోవడం, భోజనాలు పెట్టడం, డీజే పెట్టుకోవడం నేరం కాదు. రాత్రి పది దాటాక డీజే మోగితే వచ్చే పోలీసులు ఎవరి పెళ్లికైనా వస్తారు. ఎవరైనా గొడవ చేస్తామని బెదిరిస్తే పోలీసులకి చెప్పాల్సింది వాళ్ల మీద, జంట మీద కాదు.

పురోహితుడు, పాస్టర్, ఖాజీ కాదంటే?

అది వాళ్ల హక్కు, దాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. మంత్రం చదవడం, ఆశీర్వదించడం, నిఖా చేయించడం వ్యాపారం కాదు, అది మతమే. ఏ చట్టం తెచ్చినా వాళ్ల జోలికి వెళ్లకూడదు.

మరి గుడి ట్రస్టు కల్యాణమండపం, చర్చి హాలు?

ఇది తేలికైన ప్రశ్న కాదు. తమ సభ్యులకే ఇచ్చే హాలు అయితే అది ఆ మతసంస్థ ఇంటి వ్యవహారం, ఆర్టికల్ 26 వాళ్లకి అండగా ఉంటుంది. బోర్డు పెట్టి, రేటు చెప్పి, రిసెప్షన్లకీ, బర్త్‌డేలకీ, కంపెనీ మీటింగులకీ ఎవరికి పడితే వాళ్లకి అద్దెకిస్తూ, ఒక్క జంట దగ్గరికి వచ్చేసరికి ఇది పవిత్ర స్థలం అంటే నాకు ఒప్పదు. దేవాదాయ శాఖ చేతిలో ఉన్న మండపమైతే అది ప్రభుత్వం కిందికి వస్తుంది, సమానత్వం పాటించే బాధ్యత ఇంకా ఎక్కువ.

నేను ఫొటోగ్రాఫర్ని. ఆ పెళ్లికి వెళ్లి ఫొటోలు తీస్తే దాన్ని ఒప్పుకున్నట్టే కదా?

మా నాన్నగారి స్టూడియోలో పనిచేసిన కెమెరామెన్లలో క్రైస్తవులు, ముస్లింలు, హిందువులు అందరూ ఉండేవాళ్లు. నిఖా ఫొటో తీసిన హిందువు కల్మా చదివినట్టు ఎవరూ అనుకోలేదు. జీలకర్ర బెల్లం ఘట్టం దగ్గర మోకాళ్ల మీద కూర్చుని ఫొటో తీసిన పెంతెకొస్తు విశ్వాసి విగ్రహానికి మొక్కాడని ఆయన పాస్టరూ అనలేదు. ఈ ఊళ్లో పెళ్లి పనులన్నీ అలాగే నడిచాయి. బ్యాండ్ మేళం ఎవరిది, పూల డెకరేషన్ ఎవరిది, వంట ఎవరిది అని చూస్తే ఒక్క పెళ్లిలో మూడు మతాల వాళ్లు ఉంటారు. నాదస్వర విద్వాంసులు షేక్ చినమౌలానా గారు ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథుడి సన్నిధిలో వాయించారు, జీవితాంతం ముస్లింగానే ఉన్నారు. పని చేసిపెట్టడం వేరు, నమ్మడం వేరు అని మనకి ఎవరో నేర్పక్కర్లేదు.

అయితే ఫొటోలు తీశాక, ఆ జంటని మెచ్చుకుంటూ మీ స్టూడియో పేజీలో మీ పేరుతో నాలుగు మాటలు రాయమని ఎవరైనా పట్టుబడితే, కాదనే హక్కు మీకు ఉండాలి. 1986లో కేరళలో జాతీయగీతం పాడకుండా లేచి నిలబడిన యెహోవా సాక్షుల పిల్లల్ని బడి నుంచి తీసేస్తే సుప్రీంకోర్టు వాళ్లని వెనక్కి తీసుకోమంది. నోరు తెరిచి చెప్పమని బలవంతం చెయ్యకూడదు అన్న సూత్రం మన దగ్గర అప్పటి నుంచే ఉంది.

వేరే షాపుకి వెళ్లొచ్చు కదా? ఊళ్లో ఇన్ని ఉన్నాయి.

బంజారాహిల్స్‌లో ఉన్నవాళ్లకి దొరుకుతుందేమో. వికారాబాద్‌లో, సిద్దిపేటలో ఒక్క మంచి హాలే ఉంటే? ఇంకో సంగతి, పది చోట్ల అడిగితే పదిమందికీ మీ విషయం చెప్పుకోవాలి. ఇంట్లో ఇంకా చెప్పని కుర్రాడికి అది ఎంత ప్రమాదమో ఆలోచించండి. మన ఊళ్లో హాల్ మేనేజర్‌కీ, పెదనాన్నకీ మధ్య ఒక్క ఫోన్ కాల్ దూరం. సేవ దొరక్కపోవడం ఒక నష్టం, నలుగురి ముందు నిలబెట్టి కాదనడం ఇంకో నష్టం. రెండోది వేరే షాపులో తీరదు.

లాడ్జిలో రూమ్?

ఇద్దరు మగవాళ్లు రూమ్ అడిగితే మన లాడ్జిల్లో ఎవరూ ఏమీ అనరు. జంట అని తెలిస్తేనే మొహాలు మారతాయి. గుర్తింపు కార్డు అడగడం మామూలే, ఇవ్వండి. పెళ్లి సర్టిఫికెట్ చూపించాలని మాత్రం ఏ చట్టమూ లేదు. పెళ్లికాని జంట హోటల్ గదిలో ఉండడాన్ని నిషేధించే చట్టం లేదని 2019లో మద్రాస్ హైకోర్టు కోయంబత్తూరు కేసులో చెప్పింది.

అద్దె ఇల్లు, పీజీ హాస్టల్?

ఇక్కడ పరిస్థితి ఇంకా అన్యాయంగా ఉంది. ఆర్టికల్ 15లో దుకాణాలు, హోటళ్లు ఉన్నాయి, అద్దె ఇళ్లు లేవు. పార్సీలకే ఇళ్లు అని పెట్టుకున్న హౌసింగ్ సొసైటీ నియమాన్ని సుప్రీంకోర్టు 2005లో సమర్థించింది. కూకట్‌పల్లిలో, మాదాపూర్‌లో "ఫ్యామిలీస్‌కి మాత్రమే", "వెజిటేరియన్లకి మాత్రమే" బోర్డులు చూస్తూనే ఉన్నాం. ఇది గే వాళ్ల ఒక్కరి బాధ కాదు, ముస్లిం కుర్రాళ్లని అడగండి, ఒంటరి ఆడవాళ్లని అడగండి.

ట్రాన్స్ వ్యక్తుల సంగతి కూడా ఇదేనా?

కాగితం మీద వాళ్లకి ఎక్కువ రక్షణ ఉంది. 2014లో వాళ్లని మూడో జెండర్‌గా గుర్తించిన సుప్రీంకోర్టు నల్సా తీర్పు వచ్చింది. 2019లో చేసిన చట్టం మూడో సెక్షన్, ప్రజలకి అందుబాటులో ఉన్న సరుకులు, సేవలు, వసతి విషయంలో ఏ వ్యక్తీ, ఏ సంస్థా వివక్ష చూపకూడదని రాసింది, ఇల్లు అద్దెకి తీసుకునే హక్కుని కూడా కలిపి. గే, లెస్బియన్ జంటలకి ఇలాంటి వాక్యం ఏ చట్టంలోనూ లేదు, ఒక్క మానసిక ఆరోగ్యం విషయంలో తప్ప. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం లైంగికతను పేరుపెట్టి చెప్పింది. కాబట్టి ఏ మతసంస్థ నడిపే మానసిక వైద్యశాల అయినా గే అన్న కారణంతో వైద్యం నిరాకరించకూడదు.

నిజాం కాలంలో 1919లో తెచ్చిన ఒక చట్టం, ట్రాన్స్ వ్యక్తులు ఆడవేషంలో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా అరెస్టు చెయ్యనిచ్చేది. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023 జులైలో. అంత ఆలస్యంగా.

నన్ను తిప్పి పంపేశారు. ఇప్పుడు ఏం చెయ్యను?

ముందు మీ భద్రత చూసుకోండి. ఇంట్లో తెలియకపోతే, తెలిస్తే ముప్పు ఉంటే, ఫిర్యాదు కంటే అదే ముఖ్యం, అందుకు సిగ్గుపడక్కర్లేదు.

ఫిర్యాదు చేద్దామనుకుంటే, కారణాన్ని వాట్సాప్‌లో రాసివ్వమని మర్యాదగా అడగండి. చాలామంది రాసేస్తారు. ఆ మెసేజ్, అడ్వాన్స్ రసీదు, బుకింగ్ వివరాలు దాచుకోండి. అడ్వాన్స్ తీసుకున్నాక సంగతి తెలిసి రద్దు చేస్తే అది సేవాలోపం కిందికి వస్తుంది. 1915కి ఫోన్ చెయ్యొచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు కేసు వెయ్యొచ్చు, 5 లక్షల లోపు చెల్లింపులకి ఫీజు లేదు, లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు. అక్కడ మీరు మతం గురించి వాదించక్కర్లేదు, డబ్బు తీసుకుని మాట తప్పారు అంటే చాలు. అడ్వాన్స్ ఇవ్వకముందే కాదంటే దారి కష్టం, హైకోర్టులో రిట్ వెయ్యాలి. ఉచిత న్యాయసహాయం కోసం 15100కి ఫోన్ చేసి అర్హత కనుక్కోండి.

"మీ ఇంట్లో చెప్పేస్తాం" అని ఎవరైనా బెదిరిస్తే, దానికి డబ్బు అడిగితే, అది వివక్ష కేసు కాదు, నేరం. భారతీయ న్యాయ సంహితలో బెదిరింపుకి 351, బలవంతపు వసూలుకి 308 సెక్షన్లు ఉన్నాయి. ఒంటరిగా స్టేషన్‌కి వెళ్లకండి.

నేను ఓనర్ని. నిజంగానే మనసు ఒప్పుకోవడం లేదు. నన్ను చెడ్డవాణ్ని అనుకుంటున్నారా?

అనుకోవడం లేదు. పొద్దున్నే దీపం పెట్టి షట్టర్ ఎత్తేవాళ్లూ, జుమ్మా నమాజుకి కౌంటర్ వదిలి వెళ్లేవాళ్లూ, ఆదివారం గిరాకీ పోయినా షాపు మూసి చర్చికి వెళ్లేవాళ్లూ నాకు తెలుసు. ఆ నిష్ఠ నాకు గౌరవమే. మీరు అమ్మే వస్తువుని మీ నమ్మకం ప్రకారం నిర్ణయించుకోండి. మాంసం వండనంటే ఎవరికీ వండకండి, మద్యం అనుమతించనంటే ఎవరి ఫంక్షన్‌లోనూ వద్దు. అందరికీ ఒకే నియమం అయితే నాకు పేచీ లేదు. మీ దగ్గర పనిచేసే కుర్రాడికి ఇబ్బందిగా ఉంటే ఆ రోజు వేరేవాణ్ని పంపండి, అతన్ని అందరి ముందూ నిలదియ్యకండి. జంటని మాత్రం వేరేగా చూడకండి. పేర్లు బోర్డు మీద ఎలా రాయాలో వాళ్లనే అడగండి. రేటు పెంచకండి.

ప్రభుత్వం ఏమైనా చేస్తోందా?

2023 తీర్పులో జస్టిస్ చంద్రచూడ్, సరుకులు, సేవలు పొందడంలో వివక్ష ఉండకూడదని ప్రభుత్వాలకి సూచనలు రాశారు. ఆయన మైనారిటీ జడ్జీల్లో ఉన్నారు కాబట్టి అవి ఆదేశాలు కాలేకపోయాయి. క్యాబినెట్ కార్యదర్శి నేతృత్వంలో కమిటీ వేస్తామన్న కేంద్రం మాటని మెజారిటీ నమోదు చేసింది, 2024 ఏప్రిల్‌లో కమిటీ వేశారు. ఆ ఏడాదే రేషన్ కార్డులో భాగస్వామిని ఒకే ఇంటివాళ్లుగా చూడమని, జాయింట్ బ్యాంక్ ఖాతా తెరవడానికి అడ్డేమీ లేదని ఉత్తర్వులు వచ్చాయి. మంచివే.

మరి చట్టం ఎలా ఉండాలంటారు?

లైంగికతతో పాటు కులం, మతం, వైకల్యం, పెళ్లి స్థితి అన్నీ కలిపి ఒకే వివక్ష వ్యతిరేక చట్టం కావాలి. శశి థరూర్ అలాంటి ప్రైవేటు బిల్లు 2016 పేరుతో పార్లమెంటు ముందు పెట్టారు, అది చట్టం కాలేదు. రాష్ట్రం లోపలి వ్యాపారం రాష్ట్ర జాబితాలోదే కాబట్టి తెలంగాణ శాసనసభ కేంద్రం కోసం ఎదురుచూడకుండా మొదలుపెట్టొచ్చు.

మినహాయింపులు అందులోనే రాయాలి, కోర్టుల మీద వదిలేస్తే ఇరవై ఏళ్లు పడుతుంది. పూజ, ప్రార్థన, పెళ్లి జరిపించే వాళ్లకి పూర్తి మినహాయింపు. నమ్మని మాట రాయనన్న వాళ్లకి, ఆ మాట ఎవరడిగినా రాయనన్నప్పుడు మినహాయింపు. తాము ఉండే ఇంట్లోనే ఒకటి రెండు గదులు అద్దెకిచ్చే వాళ్లకి కూడా ఇవ్వొచ్చు, అమెరికా 1964 చట్టంలో ఓనరు కాపురముంటూ అయిదు గదులకి మించకుండా అద్దెకిచ్చే ఇళ్లని అలాగే వదిలేశారు. జైలు శిక్ష వద్దు. తప్పు చేసిన ఓనరుని జైలుకి పంపితే ఆయన తన మతంవాళ్లకి హీరో అవుతాడు, జంటకి ఏమీ దక్కదు. జిల్లా స్థాయిలో ఒక అధికారి, నెలలోపు విచారణ, పేర్లు బయటపెట్టకుండా, ముందు రాజీకి ఒక అవకాశం, కుదరకపోతే పరిహారం, మళ్లీ మళ్లీ చేస్తే ట్రేడ్ లైసెన్స్ మీద చర్య.